పాత కంప్యూటర్‌లో మెమరీ తకరారు: విశాఖ ఇళ్లలో కనిపించే లక్షణాలు, కారణాలు, మరమ్మతు

ఎనిమిది, పదేళ్లు దాటిన డెస్క్‌టాప్ ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. లేదంటే బాగానే నడుస్తూ ఉన్నట్టుండి నీలం తెర వేసి రీస్టార్ట్ అవుతుంది. ఇలాంటప్పుడు ‘ర్యామ్ పోయింది, కొత్తది వేయించండి’ అనేవాళ్లే ఎక్కువ. ర్యామ్ అంటే కంప్యూటర్ నడుస్తున్నంతసేపు సమాచారాన్ని తాత్కాలికంగా ఉంచుకునే మెమరీ పలక; ఒక్కో పలకను స్టిక్ అంటారు, బోర్డు మీద అది కూర్చునే గాడి స్లాట్. కొనేముందు ఒక గంట వెచ్చించండి. ర్యామ్ మీది చిప్ పాడవడం కంటే, ర్యామ్ అంచుకూ స్లాట్‌కూ మధ్య పట్టు చెడటమే మన ఊళ్లో ముందుగా అనుమానించాల్సిన విషయం. లాసన్స్ బే, చినవాల్తేరు, ఎంవీపీ కాలనీ వైపు గాలిలో ఉప్పు, చెమ్మ రెండూ ఉంటాయి. పోర్టుకు దగ్గరగా వన్‌టౌన్ వైపు ఇళ్లలో కిటికీ గట్టున నల్లదుమ్ము కూడా పేరుకుంటుంది. ఆ దుమ్ములోకి ఉప్పుచెమ్మ చేరితే రెండు పిన్నుల మధ్య సన్నగా కరెంటు పాకే దారి ఏర్పడుతుంది.

ముందు ఒక హెచ్చరిక. మెమరీ సందేహంగా ఉన్న మెషీన్‌లో ఫొటోలు, కాగితాలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయకండి. కాపీ అయ్యే ప్రతి ఫైలూ ర్యామ్ గుండానే వెళ్తుంది. లోపమున్న చోట పడిన ముక్క తప్పుగా రాయబడుతుంది, పైకి ఏ ఎర్రరూ కనిపించదు. విండోస్ మళ్లీ ఎక్కించే ప్రయత్నం కూడా ఇప్పుడే వద్దు, మధ్యలో ఫైలు పాడైందంటూ ఆగిపోతుంది. ముఖ్యమైనవి ఉంటే హార్డ్‌డిస్క్ విప్పి, యూఎస్‌బీ కేసులో పెట్టి, వేరే కంప్యూటర్‌లో కాపీ చేసుకోండి.

ఆన్ చేస్తే బీప్ శబ్దం, తెర ఖాళీ

బీప్‌లు లెక్కపెట్టండి. ఏఎంఐ బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) ఉన్న మదర్‌బోర్డుల్లో మూడు పొట్టి బీప్‌లు గానీ, ఒక పొడుగు మూడు పొట్టి గానీ వస్తే మెమరీ. అవార్డ్ బయోస్‌లో పొడుగు బీప్ ఆగి ఆగి వస్తూనే ఉంటే మెమరీ; ఒక పొడుగు రెండు పొట్టి అయితే అది డిస్‌ప్లే తకరారు, ర్యామ్ జోలికి వెళ్లనక్కర్లేదు. డెల్, హెచ్‌పీ లాంటి బ్రాండెడ్ మెషీన్ల లెక్క వేరు, ఆ మోడల్ మాన్యువల్ చూడాలి.

శబ్దమే లేకపోతే బోర్డు మీద స్పీకర్ అని రాసి ఉన్న నాలుగు పిన్నులకు చిన్న బజర్ తగిలించండి. తర్వాత ర్యామ్ అన్నీ తీసేసి ఖాళీగా ఆన్ చేయండి. దీనివల్ల బోర్డుకు నష్టమేమీ లేదు. అప్పుడు బీప్ కొడితే ప్రాసెసర్, బోర్డు, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే డబ్బా) ప్రాణంతో ఉన్నాయి, ‘మెమరీ లేదు’ అని బోర్డు చెబుతోంది. ర్యామ్ తీసినా నిశ్శబ్దమే అయితే తప్పు ర్యామ్‌ది కాదు. ఇంత సులువైన పరీక్ష చేయకుండా ర్యామ్ కొనడం డబ్బు దండగ.

శుభ్రం చేసే పద్ధతి

స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ పక్కకు పడుకోబెట్టి, రంగు లేని ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకాక, స్లాట్ చివర్ల క్లిప్పులు బయటికి వంచి ర్యామ్ తీయండి. పసుపు పచ్చని కాంటాక్టులను వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడండి. మెరుపు తగ్గి మసకగా ఉంటే చెమ్మ పొర. చిన్న నల్లచుక్కలు ఉంటే బంగారు పూత కింద ఉన్న లోహాన్ని తుప్పు తినేయడం మొదలైంది. అంచున ఆకుపచ్చ చిలుము కనిపిస్తే రాగి దాకా వెళ్లింది, ఆ స్టిక్ శుభ్రం చేసినా ఎక్కువ కాలం నమ్మలేం.

పిల్లలు వాడే మెత్తని తెల్ల పెన్సిల్ రబ్బరు తీసుకోండి. సిరా చెరిపే గరుకు రబ్బరు వద్దు, సాండ్‌పేపర్ అసలే వద్దు. పూత చాలా పలచగా ఉంటుంది, ఒక్కసారి లేచిపోతే తుప్పు పట్టడం ఆపలేరు. కాంటాక్ట్ పొడవు వెంట, అంచు వైపుకే, తేలిగ్గా రుద్దండి. ఈ పని క్యాబినెట్‌కు దూరంగా చేయాలి, రబ్బరు పొడి స్లాట్‌లో పడితే కొత్త సమస్య. తర్వాత పోగులు ఊడని బట్టను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి తుడిచి, ఐదు నిమిషాలు ఆరనివ్వండి. చేతులకు రాసుకునే శానిటైజర్ ఇందుకు పనికిరాదు, అందులో ఉండే గ్లిజరిన్ జిడ్డుగా మిగిలిపోతుంది.

స్లాట్‌లోకి బట్ట దూర్చకండి, లోపలి సన్నని స్ప్రింగు పిన్ను వంగుతుంది. పొడి మెత్తని బ్రష్షుతో పొడవునా దులిపి బ్లోయర్ కొట్టండి. నోటితో ఊదితే తుంపర పడుతుంది. ర్యామ్ గాటు స్లాట్ గట్టుతో కలిసిందో లేదో చూసి, రెండు బొటనవేళ్లతో రెండు చివర్లా సమానంగా నొక్కండి. రెండు క్లిప్పులూ టక్కుమని వాటంతట అవే మూసుకోవాలి. ఒక వైపే మూసుకుంటే స్టిక్ ఏటవాలుగా కూర్చుంది, అలా ఆన్ చేస్తే పిన్నులు మాడే ప్రమాదం ఉంది. ఒకటికి రెండుసార్లు తీసి పెట్టడం మంచిదే, ఆ రాపిడికి స్లాట్ లోపలి పిన్నులూ శుభ్రపడతాయి.

నీలం తెర, రోజుకో కారణం

మెమరీ మేనేజ్‌మెంట్, పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా, పీఎఫ్‌ఎన్ లిస్ట్ కరప్ట్. ఈ మాటలు ఒకదాని తర్వాత ఒకటి మారి మారి వస్తుంటే ర్యామ్ మీద అనుమానం బలపడుతుంది. ఎప్పుడూ ఒకటే మాట, అదీ ఒకే పని చేసేటప్పుడు వస్తే డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) తప్పు కావచ్చు. ఒకే ప్రోగ్రామ్‌లో ‘మెమరీ కుడ్ నాట్ బీ రెడ్’ అని పెట్టె వస్తే అది చాలావరకు ఆ ప్రోగ్రామ్ తప్పు. తీసి మళ్లీ ఎక్కించండి. సంబంధం లేని నాలుగైదు ప్రోగ్రాములు అలా కూలుతుంటే, జిప్ ఫైళ్లు విప్పేటప్పుడు సీఆర్‌సీ ఎర్రర్ (ఫైలు పాడైందనే సూచన) వస్తుంటే పరీక్ష తప్పనిసరి.

స్టార్ట్ మెనూలో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ వెతికి రీస్టార్ట్ ఇవ్వండి. పరీక్ష మొదలవగానే ఎఫ్1 నొక్కి ఎక్స్‌టెండెడ్ ఎంచుకుని, ఎఫ్10 నొక్కండి. ఫలితం ఈవెంట్ వ్యూయర్‌లో, సిస్టమ్ లాగ్ కింద ఉంటుంది. ఇది తప్పు చూపిస్తే నమ్మొచ్చు. చూపకపోతే అంతా బాగున్నట్టు కాదు. అసలు తీర్పు మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే పరీక్ష ప్రోగ్రామ్‌ది. దీని 6వ వెర్షన్ నుంచి పాత బయోస్ బోర్డుల్లోనూ, బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ బోర్డుల్లోనూ నడుస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, దాని నుంచే బూట్ చేసి, రాత్రంతా వదిలేయండి. కనీసం నాలుగు పాస్‌లు (పూర్తి విడతలు) కావాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా తప్పే, ‘రెండే కదా’ అని సరిపెట్టుకోకూడదు.

ఎర్రర్ వచ్చాక చాలామంది అక్కడే ఆగిపోతారు. ఎక్కడ తప్పుందో చెప్పేది ఆ తర్వాతి పనే. ఒక స్టిక్, ఒక స్లాట్ చొప్పున మార్చి మార్చి నడిపి, ఏది దేనిలో ఉన్నప్పుడు ఎర్రర్ వచ్చిందో కాగితం మీద రాసుకోండి. స్టిక్ ఏ స్లాట్‌లో పెట్టినా ఎర్రర్ వస్తే, ముఖ్యంగా ప్రతిసారీ దాదాపు అదే అడ్రస్ (మెమరీలోని చోటు సంఖ్య) దగ్గర వస్తే, ఆ స్టిక్‌లో చిప్ పోయింది. ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్‌లో ఎర్రర్ వస్తే స్లాట్ తప్పు. మిగతా స్లాట్‌తో బతకొచ్చు. విడివిడిగా అన్నీ పాసై, కలిపి పెడితేనే తప్పులు వస్తే జోడీ కుదరలేదు. బయోస్‌లో లోడ్ ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్ ఇచ్చి, ర్యామ్ స్పీడు ఒక మెట్టు దించి, అంటే 1333 ఉంటే 1066 చేసి, మళ్లీ చూడండి. అప్పుడు పాసైతే అలాగే ఉంచేయండి, ఇంటి పనులకు ఆ తేడా తెలియదు.

అడ్రస్ ప్రతిసారీ మారుతూ, అన్ని స్టిక్‌ల మీదా ఎర్రర్లు వస్తుంటే ర్యామ్‌ను వదిలి కరెంటు వైపు చూడండి. మల్టీమీటర్‌తో ఎస్‌ఎంపీఎస్ కొలిస్తే 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య, 5 వోల్టులది 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. కొలత సరిగ్గా ఉన్నా ఎస్‌ఎంపీఎస్‌ను వెంటనే వదిలేయకండి: పాత కెపాసిటర్ల వల్ల కరెంటులో వచ్చే అల మామూలు మీటరుకు దొరకదు. బోర్డు మీద ప్రాసెసర్, ర్యామ్ దగ్గరున్న కెపాసిటర్ల తల చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా మార్చాలి. అదే మైక్రోఫారడ్, అంతే లేదా ఎక్కువ వోల్టు, 105 డిగ్రీల ‘లో ఈఎస్ఆర్’ (లోపలి నిరోధం తక్కువున్న) రకం అడగండి. టంకం పని బాగా చేసే టీవీ మెకానిక్ ఇది చేయగలడు.

ఎండాకాలం మధ్యాహ్నమే వస్తుంది

పొద్దున బాగుండి, ఏప్రిల్, మే మధ్యాహ్నం ఉక్కలో మాత్రమే ఆగిపోతుంటే వేడి. కోర్ 2 డ్యుయో కాలం నాటి ఇంటెల్ బోర్డుల్లో మెమరీని నడిపేది ప్రాసెసర్ కాదు, పక్కనున్న నార్త్‌బ్రిడ్జ్ చిప్. దాని మీది చిన్న హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు దిమ్మ) దుమ్ముతో పూడిపోతే ర్యామ్ ఎర్రర్లే వస్తాయి. దుమ్ము తీసి, థర్మల్ పేస్ట్ మార్చండి. కోర్ ఐ సిరీస్‌లో ఆ పని ప్రాసెసర్ లోపలికి వెళ్లింది కాబట్టి అక్కడ కూలర్ చూడాలి. ఈ బోర్డుల్లో ప్రాసెసర్ సాకెట్ పిన్ను ఒకటి వంగినా ఒక వైపు స్లాట్లు కనిపించకుండా పోతాయి.

మెమరీ తక్కువ చూపిస్తుంది, లేదా చాలడం లేదంటుంది

4 జీబీ వేసినా 3.25 దగ్గర ఆగితే అది 32 బిట్ విండోస్ హద్దు, లోపం కాదు. 64 బిట్‌లోనూ తక్కువే ఉంటే బయోస్‌లో మెమరీ రీమ్యాప్ ఆన్‌లో ఉందా, ఎంఎస్‌కాన్ఫిగ్ (విండోస్ మొదలయ్యే తీరును మార్చే పెట్టె) బూట్ ఆప్షన్లలో మాక్సిమమ్ మెమరీ దగ్గర టిక్ పడి ఉందా చూడండి. టిక్ ఉంటే తీసేయాలి. ‘లో ఆన్ మెమరీ’ అనే హెచ్చరిక మాత్రం ర్యామ్ చెడిందని కాదు. సీ డ్రైవ్ నిండిపోయి ఉండొచ్చు, లేదా ఎవరో పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డ్రైవ్‌లో వాడుకునే చోటు) ఆపేసి ఉండొచ్చు. దాన్ని సిస్టమ్ మేనేజ్డ్‌కు మార్చి, డ్రైవ్‌లో 15, 20 జీబీ ఖాళీ చేస్తే తీరిపోతుంది.

శుభ్రం చేసినా నెలకే మళ్లీ మొదటికొస్తుంది

కారణం కంప్యూటర్ ఉన్న చోటే. సముద్రం వైపు కిటికీ పక్కన, లేదా ఏసీ ఆపగానే తలుపులు తెరిచే గదిలో ఉంటే చల్లని లోహం మీద చెమ్మ పడుతుంది. గోడకు అర అడుగు దూరంగా, కిటికీకి ఎదురు మూలకు జరపండి. నెలల తరబడి ఆపేసిన మెషీన్‌కే తుప్పు ఎక్కువ. వానాకాలంలో వారానికి రెండుసార్లు గంటసేపు నడిపితే లోపలి వెచ్చదనమే దాన్ని పొడిగా ఉంచుతుంది. విడిగా దాచే ర్యామ్‌ను సిలికా జెల్ పొట్లంతో కలిపి గాలి చొరని డబ్బాలో పెట్టండి. కొబ్బరినూనె, వాజలీన్ లాంటివి కాంటాక్టులకు పూయొద్దు, వాటికి దుమ్ము అంటుకుంటుంది.

కొనాల్సి వస్తే

పాత స్టిక్ చేత్తో పట్టుకుని ద్వారకానగర్ వెళ్లండి. డీడీఆర్2, డీడీఆర్3 అనే ర్యామ్ రకాలు రెండింటికీ 240 పిన్నులే, గాటు చోటు మాత్రం వేరు; ఒకటి 1.8 వోల్టులు, రెండోది 1.5. జీ41 (ఇంటెల్ చిప్‌సెట్ పేరు) బోర్డు ఉన్నవాళ్లు ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి: 4 జీబీ డీడీఆర్3 స్టిక్ మీద 8 చిప్పులే ఉంటే ఆ బోర్డు దాన్ని సరిగా గుర్తించదు, రెండు వైపులా కలిపి 16 చిప్పులున్నదే కావాలి. జీ31 అయితే మొత్తం 4 జీబీకి మించి పట్టదు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ‘ఏఎండీకి మాత్రమే’ అని రాసిన స్టిక్కులు ఇంటెల్ బోర్డులో పనిచేయవు. సెకండ్ హ్యాండ్ తీసుకుంటే వారం టెస్టింగ్ గ్యారంటీ బిల్లు మీద రాయించుకుని, ఆ రాత్రే మెమ్‌టెస్ట్ పెట్టండి. వేరే మెషీన్‌లో పాసైన స్టిక్ కూడా మీ బోర్డులో ఏ స్లాట్‌లోనూ నిలవకపోతే ఇక ర్యామ్ మీద ఖర్చు పెట్టొద్దు, లోపం బోర్డుదే.