పనిచోట లైంగిక వేధింపులు: ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి, ఎలా రాయాలి

మిర్యాలగూడ రైస్ మిల్లులో కూలికి పోయే ఆమెకైనా, జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో షిఫ్టు డ్యూటీ చేసే అమ్మాయికైనా, నల్లగొండలో ప్రైవేటు బడి టీచరమ్మకైనా వర్తించేది ఒకటే చట్టం, 2013లో వచ్చిన పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం. పర్మినెంటా, కాంట్రాక్టా, రోజు కూలీనా, జీతం లేని ట్రైనీనా అన్న తేడా లేదు. కంపెనీ పెట్టిన బస్సులో జరిగినా పనిచోట జరిగినట్టే లెక్క. తాకితేనే వేధింపు అనుకోవద్దు. డబుల్ మీనింగ్ మాటలు, ఫోన్‌కు బూతు బొమ్మలు పంపడం, ‘నా మాట వింటే పర్మినెంట్ చేయిస్తా’ అనడం కూడా వేధింపే.

కాగితం ఎవరి చేతికి ఇవ్వాలన్నది ముందు తేల్చుకోండి. పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. ఆ సంస్థలోనే పైస్థాయిలో ఉన్న మహిళ దానికి అధ్యక్షురాలు. సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు, ఒకరు బయటివాళ్లు. కమిటీ వేయని యజమానికి 50 వేల రూపాయల దాకా జరిమానా పడుతుంది. బట్టల షాపు, చిన్న క్లినిక్ లాంటి పది మంది లేని చోట్లయితే, లేదా వేధించింది సాక్షాత్తూ యజమానే అయితే, జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి ఇవ్వాలి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్... ఏ జిల్లా కమిటీ ఆ జిల్లాదే. వివరాలు జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయంలో అడగండి. చట్టం ప్రకారం ఊళ్లవాళ్ల కోసం మండల స్థాయిలో నోడల్ అధికారి కూడా ఉండాలి. ఆ అధికారికి ఇచ్చిన ఫిర్యాదు 7 రోజుల్లో స్థానిక కమిటీకి చేరాలి.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంది కదా, అక్కడే ఇచ్చేద్దాం అనిపించవచ్చు. నన్నడిగితే వద్దంటాను. భూమి పంచాయితీలు, పింఛన్ల అర్జీలతో జనం కిటకిటలాడే చోట ఈ కాగితం నాలుగు టేబుళ్లు తిరుగుతుంది. కమిటీకి ఇస్తే ఫిర్యాదు చేసిన ఆమె పేరు, చిరునామా, విచారణ సంగతులు బయటపెట్టకూడదన్న నిబంధన ఉంది.

గడువు 3 నెలలు. పలుమార్లు జరిగి ఉంటే చివరిసారి జరిగిన రోజు నుంచి లెక్క. రాలేకపోవడానికి సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు పొడిగించవచ్చు. ‘పరువు పోతది, పెద్దమనుషులల్ల కూసోని మాట్లాడుదాం’ అనుకుంటూ ఇంట్లోవాళ్లు నాన్చేది సరిగ్గా ఈ 3 నెలలే.

అచ్చు ఫారం కోసం వెతకొద్దు. తెల్ల కాగితం మీద తెలుగులో రాసినా చాలు. రాయడం రాకపోతే రాసిపెట్టే బాధ్యత కమిటీదే. ‘సూపర్‌వైజర్ అసభ్యంగా ప్రవర్తించాడు’ అని ఒక్క ముక్కలో రాస్తే మాత్రం విచారణలో పట్టు దొరకదు. ఇట్లా రాయాలి: ‘ఫలానా తేదీ, రాత్రి షిఫ్టు. స్టోర్ రూమ్‌లో నేను డ్రమ్ముల లెక్క రాస్తుంటే వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. తియ్యమంటే, గింతదానికే ఏమైతది అన్నాడు. తలుపు దగ్గర నాతోపాటు పనిచేసే ఆమె చూసింది.’ అతను అన్న మాట ఎంత బూతైనా ఉన్నదున్నట్టు రాయండి. సిగ్గుపడి దాన్ని మర్యాదగా మారిస్తే నష్టం మీకే. అతని పేరు, హోదా, మీకు అతనితో ఉన్న పని సంబంధం, సాక్షుల పేర్లు, చిరునామాలు కూడా అందులోనే ఉండాలి.

ఫిర్యాదు, ఆధారాలు కలిపి 6 సెట్లు ఇవ్వాలి. ఏడోది మీకోసం. దాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోకుండా కదలొద్దు. వాట్సాప్ చాట్‌ను కోపంలో డిలీట్ చేయకండి, నంబరు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి జిరాక్స్‌లతో జతచేయండి. ఆన్‌లైన్‌లో ఇవ్వాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ షీ-బాక్స్ పోర్టల్ ఉంది.

అతని కిందే పనిచేయాల్సి వస్తుందని టెన్షన్ ఉంటే, విచారణ తేలేదాకా మిమ్మల్ని గానీ అతన్ని గానీ వేరేచోటికి మార్చమని, లేదా 3 నెలల దాకా సెలవు ఇప్పించమని రాతపూర్వకంగా అడగండి. ఈ సెలవు మీ మామూలు సెలవుల్లో కోత పడదు.

ఫిర్యాదు అందిన 7 పనిదినాల్లో దాని కాపీ అతనికి వెళ్తుంది, 10 పనిదినాల్లో అతను జవాబివ్వాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి. తర్వాత 10 రోజుల్లో నివేదిక, అది అందిన 60 రోజుల్లో చర్య. వకీళ్లు రాకూడదు, ఇద్దరికీ ఇదే నియమం. రాజీ మాట మీరు అడిగితేనే రావాలి, అదీ విచారణ మొదలుకాకముందే. డబ్బులిచ్చి సర్దుబాటు చేసుకోవడం చట్టం ఒప్పుకోదు. ‘రుజువు చేయలేకపోతే నీమీదే కేసు’ అని బెదిరించేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు చేసిన ఆమె మీద చర్య తీసుకోనక్కర్లేదని చట్టంలోనే రాసి ఉంది.

పోలీసుల దారి వేరే. కమిటీకి ఇచ్చినా స్టేషన్‌కు వెళ్లవచ్చు. భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద తాకడం, లైంగిక కోరిక తీర్చమనడం లాంటి వాటికి 3 ఏళ్ల దాకా, అసభ్య మాటలకు ఏడాది దాకా జైలు. వెంటనే సాయం కావాలంటే 112కు ఫోన్ చేయండి, ఆడవాళ్ల భద్రత కోసం పోలీసులు పెట్టిన షీ టీమ్స్ జిల్లాల్లోనూ ఉన్నాయి. 181కి చేస్తే బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రం వాళ్లతో మాట్లాడవచ్చు. ఇళ్లలో పనిచేసేవాళ్లు ఇచ్చిన ఫిర్యాదులో పస ఉందనిపిస్తే స్థానిక కమిటీయే 7 రోజుల్లో పోలీసులకు పంపాలి.

కమిటీ సిఫార్సు నచ్చకపోయినా, దాన్ని యజమాని అమలు చేయకపోయినా 90 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. అప్పుడు ఆ ఏడో కాపీ పనికొస్తుంది.