సంతలో పెట్టపిల్లను గుర్తుపట్టి కొనడం ఎలా?

గుడ్ల కోసం నాలుగు నాటుకోళ్లు పెంచుకుందామని రామభద్రపురం సంతకో మరో వారపు సంతకో వెళ్లినవారు, పెట్టపిల్లలన్న మాట నమ్మి గంపెడు పుంజుపిల్లలను ఇంటికి తెచ్చుకోవడం ఇప్పటికీ మానలేదు.

పేర్లు తెలిసినవే: నూగుతో ఉన్నంతకాలం కోడిపిల్ల, ఆపైన పుంజుపిల్ల లేదా పెట్టపిల్ల, ఎదిగాక పుంజు, పెట్ట. నూగు వయసులో ఆడామగా తేల్చడం హేచరీలలో శిక్షణ పొందినవారి పని. రెక్క ఈకల పొడవు చూసే పద్ధతి అందుకోసమే అభివృద్ధి చేసిన రకాలకు తప్ప నాటుకోళ్లకు పనికిరాదు. కోల గుడ్డులో పుంజు ఉంటుందన్న మాటకైతే ఆధారమే లేదు.

పొద్దున్నే వెళ్లాలి. మూడు నెలలు దాటిన పిల్లనే అడగాలి. గంపలోంచి బయటకు తీయించి, ఎండలో నిలబెట్టించాలి.

అందరూ తప్పేది ఇక్కడే. తురాయి ఎర్రగా, పెద్దగా ఉంటే పుంజు అనుకుంటారు. గుడ్డుకు వచ్చే పెట్టకూ తురాయి ఎర్రబడుతుంది. అసిల్ రక్తం కలిసిన పందెం జాతిలో పుంజుపిల్లకు కూడా తురాయి చిన్నగా, తలకు అంటుకునే ఉంటుంది. కాబట్టి తురాయిని వదిలి, వీపు చివర తోక మొదలయ్యేచోట ఉన్న నడుము ఈకలను చూడాలి. పుంజుపిల్లకు అవి సన్నగా, మొనదేలి, మెరుస్తూ తోకకు రెండు వైపులా జారతాయి. పెట్టపిల్లకు వెడల్పుగా, కొస గుండ్రంగా ఉంటాయి.

అయితే పైపైన చూసి తేల్చకూడదు. చిన్నతనపు ఈకలు రెండింటికీ గుండ్రంగానే ఉంటాయి గనుక, పది వారాల పుంజుపిల్ల కూడా పెట్టలాగే కనబడి మోసం చేస్తుంది. నడుము ఈకలను వేలితో ఎదురు దువ్వి, పాతవాటి మధ్య కొత్తగా మొలుస్తున్న ఈకల కొసలను పరీక్షించాలి. వాటిలో కొన్ని మొనదేలినా ఆ పిల్లను వదిలేయాలి. తడిసిన ఈకలన్నీ మొనదేలినట్టే కనబడతాయి కనుక వానరోజు ఈ పరీక్ష చేయరాదు. తెల్లకోడిలో మెరుపు తేడా తెలియదు. కొత్తవారు దాన్ని కొననే కూడదు.

రేపో మాపో గుడ్డు పెడుతుందని ఎక్కువ ధర చెబితే, విసర్జక రంధ్రానికి ఇరుపక్కల ఉండే రెండు ఎముకల నడుమ వేళ్లు ఆనించి చూడాలి. రెండు వేళ్లు పట్టే సందు ఉంటే ఆ మాట నమ్మవచ్చు. ఒక వేలే ఇరుకుగా పడితే పెట్టపిల్ల ధరకు మించి ఇవ్వనక్కర్లేదు.