డిగ్రీ వేసవి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్: అనుమతి లేఖ నుంచి తుది నివేదిక దాకా

రెండో సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడుతుంటే చాలు, పిల్లలు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "మేడమ్, సీఎస్‌పీకి ఎక్కడ అప్లై చేయాలి?" వెబ్‌సైట్ తెరిచి, ఫారం నింపి, ప్రింట్ తీసుకుంటే అయిపోతుందన్న ఊహ వాళ్లది. సీఎస్‌పీ అంటే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్, డిగ్రీ చదువులో భాగంగా వేసవిలో ఒక ఊళ్లో సర్వే చేసి, అక్కడే చేసే పని. దానికి దరఖాస్తు అంటే మూడు చోట్ల అనుమతి తీసుకోవడం: ఇంట్లో, కాలేజీలో, ఊళ్లో. మొదటి రెండూ ఎలాగో అయిపోతాయి. మూడోదాన్ని వదిలేసి సర్వే కాగితాలు పట్టుకుని వీధిలోకి దిగిన బ్యాచ్‌లు మొదటి రోజే ఇబ్బంది పడటం చాలాసార్లు చూశాను. "ఎవరు పంపారు మిమ్మల్ని? ఇల్లిస్తారా, పింఛను తీసేస్తారా?" అని ఒక పెద్దావిడ అడిగితే చూపించడానికి వాళ్ల చేతిలో ఒక్క కాగితమూ ఉండదు.

అందుకే ఇది ఆంధ్రప్రదేశ్ డిగ్రీ విద్యార్థుల కోసం, ఊరి వైపు నుంచి చూసి రాస్తున్నాను.

నిబంధనల్లో ఏముంది

ఏపీ ఉన్నత విద్యామండలి 2020-21 నుంచి తెచ్చిన సవరించిన పాఠ్యప్రణాళికలో డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. అందులో తొలి రెండు నెలలు ఈ ప్రాజెక్ట్‌వి. మొదటి ఏడాది అయ్యాక వచ్చే వేసవి సెలవుల్లో చేయాలి. 180 గంటల పని, 4 క్రెడిట్లు. ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ, రెడ్ రిబ్బన్ క్లబ్ కార్యక్రమాలకు ఇది వేరుగా ఉండాలని మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. కాబట్టి క్యాంపులో నాటిన మొక్కల ఫొటోలు ఇక్కడ పనికిరావు. ఏ తేదీలోగా ఏది ఇవ్వాలన్నది మాత్రం ఆ ఏడాది మీ కాలేజీ నోటీసు బోర్డులో పెట్టిన సర్క్యులర్ ప్రకారమే జరుగుతుంది. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

మండలి ఎనిమిది వారాల ప్రణాళిక కూడా ఇచ్చింది. మొదటి వారం ఊరి సామాజిక, ఆర్థిక పరిస్థితులపై సర్వే. తర్వాత రెండు వారాలు అవగాహన కార్యక్రమాలు. ఆపైన నాలుగు వారాలు ఏదైనా ఒక ప్రభుత్వ శాఖతో కలిసి పని. ఆఖరి వారం నివేదిక. 180 గంటలను ఈ ఎనిమిది వారాలకు, వారానికి ఆరు రోజుల చొప్పున పంచితే రోజుకు మూడు గంటల నలభై ఐదు నిమిషాలు వస్తుంది. రోజుకు ఆరు గంటలు చేసి ముప్పై రోజుల్లో ముగించేద్దామని కొందరు అడుగుతారు. లెక్క సరిపోతుంది గానీ వేసవిలో అది కుదరదు. ఎందుకో కింద చెబుతాను.

ఊరు ఎంచుకోవడం

విద్యార్థికి వీలైనంతవరకు తను ఉండే చోటికి దగ్గర్లోనే, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరగలిగే గ్రామాన్నో వార్డునో కేటాయించాలన్నది నియమం. కేటాయించేది కాలేజీయే అయినా, పరీక్షలకు ముందే మీ మెంటార్‌కు, అంటే మీ ప్రాజెక్ట్‌ను చూసే లెక్చరర్‌కు, ఒక చిన్న దరఖాస్తు రాసిస్తే మీ మాటకూ విలువ ఉంటుంది. అందులో మీ పేరు, గ్రూపు, హాల్ టికెట్ నంబరు, మీరు కోరుకునే ఊరు, మండలం, మీ ఇంటి నుంచి దూరం, బస్సు సౌకర్యం, మీతో కలిసి పనిచేసే వాళ్ల పేర్లు రాయండి. కింద అమ్మానాన్నల్లో ఒకరి సంతకం పెట్టించండి. ఆడపిల్లలైతే బస్సు వేళలు తప్పనిసరిగా రాయాలి. సాయంత్రం ఆఖరి బస్సు ఎన్నింటికో తెలియకుండా ఊరు ఒప్పుకోవద్దు.

సొంత ఊరు మంచిదా, పక్క ఊరు మంచిదా? నన్నడిగితే అమ్మమ్మగారి ఊరు మంచిది. ముక్కూమొహం తెలియని చోట తలుపు తీయరు. సొంత ఊళ్లోనేమో అన్నీ తెలుసనుకుని అడగాల్సినవి అడగరు. సొంత ఊరే దక్కితే మాత్రం మీరు ఎప్పుడూ అడుగుపెట్టని వీధితో సర్వే మొదలుపెట్టండి. ప్రతి ఊళ్లోనూ అలాంటి వీధి ఒకటి ఉంటుంది.

కాలేజీ ఇచ్చే కాగితాలు

ఊరు ఖరారయ్యాక కాలేజీ నుంచి మీకు రెండు అందాలి. ఒకటి, ప్రిన్సిపాల్ సంతకంతో స్థానిక అధికారికి పరిచయ లేఖ. రెండోది, ప్రోగ్రామ్ బుక్. బుక్ చేతికి రాగానే చివరి పేజీల దాకా ఒకసారి చదవండి. విద్యార్థి డిక్లరేషన్, ఊరి వైపు అధికారి ఇచ్చే సర్టిఫికెట్, రోజువారీ లాగ్, వారపు నివేదికలు, మీ స్వీయ మూల్యాంకనం, ఊళ్లో మీ పనిని చూసిన వ్యక్తి ఇచ్చే మూల్యాంకనం, ఫొటోలు, వీటన్నిటికీ అందులో చోటుంది. అంటే ఆఖరి వారంలో ఎవరెవరి సంతకాలు కావాలో మొదటి రోజే తెలిసిపోతుంది. ఆ మనుషులు సెలవులోనో బదిలీలోనో ఉంటే ఏం చేయాలో కూడా ముందే ఆలోచించుకోవచ్చు.

ప్రిన్సిపాల్ లేఖతో పాటు బ్యాచ్ తరఫున మీరూ ఒక దరఖాస్తు రాయండి, తెలుగులో. కాలేజీ లేఖ ఇంగ్లిష్‌లో ఉండి, సర్పంచ్‌గారు దాన్ని చదివించుకోవాల్సి వస్తే మొదటి పరిచయమే దూరంగా మొదలవుతుంది. నమూనా ఇది:

"గౌరవనీయులైన పంచాయతీ కార్యదర్శి గారికి, ........ గ్రామం, ........ మండలం.
అయ్యా/అమ్మా,
మేము ........ కాలేజీలో డిగ్రీ మొదటి సంవత్సరం పూర్తి చేసిన విద్యార్థులం. చదువులో భాగంగా ........ తేదీ నుంచి ........ తేదీ వరకు మీ గ్రామంలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ చేయడానికి అనుమతి కోరుతున్నాం. మొదటి వారం ........ వీధుల్లో ఇంటింటి సర్వే చేస్తాం. ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు ఎవరినీ అడగం. ఈ సర్వేకు ప్రభుత్వ పథకాల అర్హతతో ఎలాంటి సంబంధం లేదని ప్రతి ఇంట్లోనూ చెబుతాం. మా పనిని చూసేందుకు మీ సిబ్బందిలో ఒకరిని సూచించమని, గతంలో ఈ గ్రామంలో విద్యార్థులు ఇచ్చిన నివేదిక ఉంటే చూడనివ్వమని కోరుతున్నాం. పని పూర్తయ్యాక మా నివేదిక ప్రతిని మీ కార్యాలయంలో అందజేస్తాం.
ఇట్లు, విద్యార్థుల పేర్లు, సంతకాలు, మెంటార్ పేరు, ఫోన్ నంబరు.
జతపరిచినవి: ప్రిన్సిపాల్ లేఖ, కాలేజీ గుర్తింపు కార్డుల జిరాక్సులు."

పథకాలతో సంబంధం లేదన్న వాక్యాన్ని తీసేయకండి. ఊళ్లో పుట్టే అనుమానాల్లో సగం దానితోనే పోతాయి.

ఊళ్లో అనుమతి

లేఖలు రెండేసి ప్రతులు పట్టుకెళ్లండి. పంచాయతీ కార్యదర్శికి ఒకటి ఇచ్చి, రెండోదానిపై అందినట్టు సంతకం, తేదీ, సీలు వేయించుకోండి. సర్వేకు వెళ్లే ప్రతి విద్యార్థి దగ్గరా ఈ రెండో ప్రతి జిరాక్సు ఉండాలి. పట్టణంలో అయితే వార్డు సచివాలయంలో ఇవ్వాలి. సర్పంచ్‌ను విడిగా కలిసి నోటితో చెప్పడం మర్యాద. అది కాగితానికి బదులు కాదు, కాగితంతో పాటు చేయాల్సిన పని.

సచివాలయ సిబ్బందికి పొద్దున ఫీల్డ్ పనులుంటాయి. కాబట్టి ముందురోజే ఫోన్ చేసి, ఎప్పుడు ఉంటారో కనుక్కుని వెళ్లండి. ఒక్క సంతకం కోసం మూడు రోజులు తిరిగామని అలిగే పిల్లలకు నేను చెప్పేది ఒకటే: ఆ ఊరివాళ్లు ఏడాది పొడవునా తిరిగేది కూడా ఆ గుమ్మం ముందే. అక్కడ బెంచీ మీద కూర్చున్న గంటలో ఎవరెవరు ఏ పని మీద వచ్చారో గమనించండి. సర్వేలో రెండు రోజులకు తెలిసేది అక్కడే తెలుస్తుంది.

మీ పనిని చూసే మనిషిని ఎంచుకునేటప్పుడు పదవి చూడకండి, మీ సబ్జెక్టుకు ఎవరు దగ్గరో చూడండి. సచివాలయంలో ఏఎన్‌ఎమ్, వ్యవసాయ సహాయకులు, సర్వేయర్, డిజిటల్ అసిస్టెంట్, సంక్షేమ, విద్యా సహాయకులు ఉంటారు. జువాలజీ, మైక్రోబయాలజీ పిల్లలు ఏఎన్‌ఎమ్‌తో, బోటనీ, హార్టికల్చర్ వాళ్లు వ్యవసాయ సహాయకులతో, కామర్స్ వాళ్లు డ్వాక్రా సంఘాల పుస్తకాలు రాసేవాళ్లతో కలిస్తే నాలుగు వారాల శాఖాపరమైన పని దానంతటదే కుదురుతుంది. కంప్యూటర్స్ విద్యార్థులు గృహిణులకు, యువతకు కంప్యూటర్ పరిజ్ఞానం నేర్పవచ్చని మార్గదర్శకాల్లోనే ఉంది.

ఊరి వేళ, ఎండ వేళ

మే నెలలో పల్లె తెల్లవారుజామునే లేచి ఉపాధి పనికి వెళ్లిపోతుంది. మీరు పదింటికి బస్సు దిగి తలుపు కొడితే ముసలివాళ్లో చిన్నపిల్లలో తప్ప ఎవరూ దొరకరు. మధ్యాహ్నం జనం కునుకు తీసే వేళ. అప్పుడు లేపి ఆదాయం ఎంతని అడిగితే ఎవరికైనా చిరాకే. పైగా పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలో తిరగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. అందుకే రోజుకు ఆరు గంటల పద్ధతి కుదరదన్నాను.

సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా అరుగుల మీద అందరూ ఉంటారు. సర్వేకు అదే సరైన సమయం. ఒక్కో ఇంటికి పాతిక నిమిషాలు పడుతుందనుకుంటే రెండు గంటల్లో నాలుగిళ్లు. ఆరు రోజుల్లో ఒక్కరు ఇరవై నాలుగిళ్లు చేస్తారు. ఐదుగురి బ్యాచ్ నూట ఇరవై ఇళ్లు చేస్తుంది, అంతకు మించి ఒప్పుకోకండి. మిగతా గంటన్నర, రెండు గంటలు సచివాలయం నీడలో లెక్కలు ఎక్కించుకోవడానికి, రికార్డులు చూడటానికి వాడుకోండి. బస్సు సాయంత్రం ఆరింటికే ఆఖరైతే పొద్దున ఉపాధి పని జరిగే చోటికే, పని ముగిసే వేళకు, మేస్త్రీకి చెప్పి వెళ్లవచ్చు. జూన్ రెండో వారం దాకా బడులు మూసి ఉంటాయి. బడిలో కార్యక్రమం పెట్టాలనుకుంటే హెడ్మాస్టర్ అనుమతి సెలవులకు ముందే తీసుకోవాలి.

ప్రశ్నావళి

ప్రోగ్రామ్ బుక్‌లో ప్రశ్నావళిని జతచేయాలి కాబట్టి చాలామంది సీనియర్ల దగ్గర్నుంచి తెచ్చి పేరు మార్చి పెడతారు. "మీ కుటుంబ నెలసరి ఆదాయం ఎంత?" అన్న ప్రశ్న అన్నింట్లోనూ ఉంటుంది. దానికి నిజమైన జవాబు మాత్రం దాదాపు ఎక్కడా రాదు. కూలికి వెళ్లే మనిషికి నెలసరి ఆదాయం అనేదే ఉండదు. రేషన్ కార్డు పోతుందేమోనన్న భయం ఒకటి. దాని బదులు "పోయిన నెల ఎన్ని రోజులు పనికెళ్లారు? రోజు కూలి ఎంత ఇచ్చారు? పని లేని నెలలు ఏవి? అప్పుడెలా గడిచింది?" అని అడగండి. మరుగుదొడ్డి ఉందా అని కాదు, వాడుతున్నారా, నీళ్లు ఎక్కడ్నుంచి తెస్తారు, ఎవరు తెస్తారు అని అడగండి. ముందు మీ అమ్మను ఆ ప్రశ్నలు అడిగి చూడండి. ఆవిడ ఎక్కడ ఆగి "అంటే?" అంటుందో అక్కడ ప్రశ్న మార్చాలి.

ఆధార్ నంబరు, ఖాతా నంబరు, ఓటీపీ జోలికి పోవద్దు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. చట్టం సంగతి అటుంచినా, నమ్మి చెప్పిన వివరాలున్న కాగితాలు జిరాక్సు షాపులో వదిలేసి రావడం తప్పు. ఇంటివాళ్ల పేర్ల బదులు వరుస సంఖ్యలు వాడండి. ఫొటో తీసే ముందు అడగండి. చిన్నపిల్లల ఫొటోకు తల్లినో తండ్రినో అడగండి.

లాగ్, మార్కులు

ప్రోగ్రామ్ బుక్ ప్రకారం 100 మార్కుల్లో లాగ్‌కు 20, ప్రాజెక్ట్ అమలుకు 30, మినీ ప్రాజెక్ట్‌కు (ఊళ్లో తేలిన ఒక అంశంపై చేసే చిన్న అధ్యయనం) 25, మౌఖిక ప్రదర్శనకు 25. లాగ్ ఏ రోజుకారోజు రాయాల్సిందే. "ఈరోజు గ్రామాన్ని సందర్శించి ప్రజలకు పారిశుధ్యంపై అవగాహన కల్పించాం" అని నలభై రోజులూ ఒకే వాక్యం రాసిన పుస్తకాలు నా బల్ల మీదికి వస్తుంటాయి. "ఎగువ వీధి, తొమ్మిదిళ్లు. నాలుగిళ్లలో కుళాయి నీళ్లు రెండ్రోజులకోసారి అన్నారు. కార్యదర్శిని అడిగితే మోటారు రిపేరు అన్నారు" అని రాసిన పిల్లను వైవాలో నేను వేరే ప్రశ్న అడగను. ఆ మోటారు సంగతే అడుగుతాను. ఆ అమ్మాయి పావుగంట మాట్లాడుతుంది. మినీ ప్రాజెక్ట్ అంశం కూడా అలాంటి వాక్యంలోంచే రావాలి. సర్వే వారం ముగియకముందే అంశం పెట్టేసుకోవద్దు.

వారానికోసారి మెంటార్ సంతకం తప్పకుండా తీసుకోండి. చివర్లో మూకుమ్మడిగా పెట్టించుకునే సంతకాలకు ఏ మెంటారైనా ఎందుకు ఒప్పుకోవాలి?

చివరి కాగితం

తుది నివేదిక ఒక ప్రతిని స్థానిక పాలనా యంత్రాంగానికి ఇవ్వాలని మార్గదర్శకాలు చెబుతాయి. ఆ ఊరికి తర్వాత వచ్చే బ్యాచ్‌కు అదే ఆధారం కావాలన్నది వాటి ఉద్దేశం. అమల్లో మాత్రం అన్నిటికంటే నీరుగారిపోయే నియమం ఇదే. కాలేజీకి ఒకటి, మనకు ఒకటి బైండింగ్ చేయించి, ఊరిని మరిచిపోతారు. మరుసటేడు కొత్త పిల్లలు అదే ఇంటి తలుపు కొట్టి అవే ప్రశ్నలు అడుగుతారు. "పోయినేడు కూడా రాసుకెళ్లారుగా!" అని విసుక్కునే మనిషిని తప్పుపట్టలేం.

కాబట్టి మూడు ప్రతులు తీయించండి. ఊరికిచ్చే ప్రతికి ముందు ఒక పేజీ తెలుగు సారాంశం పెట్టండి: ఎన్ని ఇళ్లు చూశారు, తేలిన సమస్యలు ఏవి, వెంటనే చేయగలిగినవి ఏవి, సమయం పట్టేవి ఏవి. దానితో పాటు మీ మొదటి దరఖాస్తు ప్రతి కూడా జతచేసి, సచివాలయంలో ఇన్‌వర్డ్ నంబరు (అందిన కాగితాల రిజిస్టర్‌లోని నంబరు) వేయించుకోండి. వీలైతే మీకు సహకరించిన వీధిలో ఒక సాయంత్రం కూర్చుని ఆ ఒక్క పేజీ చదివి వినిపించండి. "ఇది తప్పు రాశారు" అని ఎవరైనా అంటే అక్కడే దిద్దండి. ఇన్‌వర్డ్ నంబరు ఉన్న పేజీ జిరాక్సును ప్రోగ్రామ్ బుక్‌లో అధికారి సర్టిఫికెట్ పక్కన అతికించి, ఆ తర్వాతే పుస్తకాన్ని మెంటార్‌కు ఇవ్వండి.