గోల్ఫ్ నేర్చుకుందాం – 3వ పాఠం: ఏడు క్లబ్బులు చాలు

పోయిన పాఠంలో పట్టు, నిలబడే తీరు చూశాం. రేంజ్‌లో, అంటే బంతులు కొట్టి సాధన చేసే మైదానంలో, ఏడో నంబర్ ఐరన్ (పలచటి లోహపు తల ఉన్న కర్ర) అడిగి తీసుకుని రెండు వందల బంతులు కొట్టమన్నాను. కొట్టినవాళ్లు ముందుకు రండి. కొట్టనివాళ్లు ఆ పని చేసి వచ్చి ఇది చదవండి. ఇంకా బంతి గాల్లోకి లేవకముందే సెట్ కొనడమంటే, ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఈ ఆటలో కొట్టే కర్రా క్లబ్బే, సభ్యత్వం తీసుకునే చోటూ క్లబ్బే. ఈ పాఠంలో క్లబ్ అంటే కర్ర. రెండోదాని ఖర్చు గురించి ఇప్పుడే టెన్షన్ వద్దు.

నిబంధనల ప్రకారం బ్యాగులో 14 క్లబ్బుల దాకా పెట్టుకోవచ్చు. అది పైహద్దు మాత్రమే. షాపువాళ్లు మాత్రం పద్నాలుగూ లేకపోతే కోర్సులోకి, అంటే ఆడే మైదానంలోకి, రానివ్వరేమో అన్నట్టు మాట్లాడతారు. చిక్ ఎవాన్స్ అనే అమెరికన్ ఆటగాడు 1916లో ఏడంటే ఏడు క్లబ్బులతో యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీ గెలిచాడు. అవీ చెక్క షాఫ్టులవి (షాఫ్టు అంటే క్లబ్ పొడవాటి కాడ). ఈ ఆటలో ఎంత తక్కువ దెబ్బల్లో ముగిస్తే అంత గొప్ప; అప్పుడు ఆయన చేసిన 286 దెబ్బల స్కోరు కంటే తక్కువలో ఆ పోటీని ముగించడానికి ఇంకొకరికి ఇరవై ఏళ్లు పట్టింది. మనకూ ఏడు చాలు: ఒక 5 వుడ్ (దూరం కొట్టే పెద్ద తల క్లబ్), ఒక హైబ్రిడ్ (వుడ్‌కూ ఐరన్‌కూ మధ్యరకం), 7, 9 ఐరన్లు, పిచింగ్ వెడ్జ్, సాండ్ వెడ్జ్ (దగ్గరి దెబ్బలకు వాడే, ముఖం బాగా వాలిన క్లబ్బులు), పటర్ (గుంత దగ్గర బంతిని దొర్లించేది).

ఇందులో డ్రైవర్, అంటే అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్, లేదేమని అడుగుతారు. కావాలనే వదిలేశాను. క్లబ్ ముఖం ఎంత వెనక్కి వాలి ఉందో చెప్పే కోణమే లాఫ్ట్. వాలు ఎక్కువైతే బంతి తేలిగ్గా లేస్తుంది, పక్కకు వంకర తిరగడం తగ్గుతుంది. డ్రైవర్‌కు ఉండే వాలు పది డిగ్రీలకు అటూ ఇటూ. 5 వుడ్‌కు 18 దాకా ఉంటుంది. కొత్త చేతుల్లో డ్రైవర్ బంతిని పొదల్లోకి పంపితే, 5 వుడ్ కాస్త తక్కువ దూరమైనా గడ్డి మీదే పడేస్తుంది. పోయిన బంతుల ఖర్చు కూడా లెక్కలోకి వస్తుంది కదా.

లాఫ్ట్ దగ్గరే ఇంకో చిక్కు ఉంది. క్లబ్ మీద నంబరుకు ఒక ప్రమాణమంటూ లేదు. పాత 7 ఐరన్ 34 డిగ్రీలుంటే, ఇప్పుడొచ్చేవి కొన్ని 29, 30 దగ్గరే ఉంటాయి. ‘మా 7 ఐరన్ మరింత దూరం కొడుతుంది’ అనే ప్రకటనల గుట్టు చాలావరకు ఇదే. విడివిడిగా కొనేటప్పుడు నంబరు కాకుండా డిగ్రీలు అడగండి. పిచింగ్ వెడ్జ్ 46, సాండ్ వెడ్జ్ 54 లేదా 56 ఉంటే మధ్యలో పెద్ద ఖాళీ రాదు.

ఐరన్ల వెనక భాగం చూడండి. మధ్యలో తొలిచి, బరువును అంచులకు సర్ది ఉంటే దాన్ని కేవిటీ బ్యాక్ అంటారు. బంతి సరిగ్గా మధ్యలో తగలకపోయినా క్లబ్ తల అంతగా మెలిక తిరగదు. పింగ్ కంపెనీ పెట్టిన కార్స్టెన్ సోల్‌హైమ్ ఈ ఆలోచనను జనంలోకి తెచ్చాడు. వెనక నున్నగా, పలచగా కత్తిలా మెరిసే బ్లేడ్ ఐరన్లు చూడ్డానికి అందంగా ఉంటాయి. చూసి వదిలేయండి.

నేను డబ్బు పోగొట్టుకున్నది మాత్రం షాఫ్టు దగ్గర. మొదటి సెట్ ఒక షాపులో బేరమాడి, మురిసిపోతూ కొన్నాను. షాఫ్టు మీద ఎస్ అనే అక్షరం ఉంటే స్టీల్ అనుకున్నాను. తీరా అది స్టిఫ్. వేగంగా తిప్పేవాళ్లకు పనికొచ్చే గట్టి షాఫ్టు. నాలుగు నెలలు ప్రతి బంతీ కుడికే పోయింది, నేను నా మణికట్టును తిట్టుకుంటూ కూర్చున్నాను. మామూలు వేగం ఉన్న మగవాళ్లకు ఆర్ అని ఉన్న రెగ్యులర్ చాలు. ఆడవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు తేలికైన గ్రాఫైట్ షాఫ్టు హాయి. పొడవు కోసం బూట్లేసుకుని నిటారుగా నిలబడి, మణికట్టు ముడత నుంచి నేలకు టేపు పెట్టించండి. 34 నుంచి 37 అంగుళాల మధ్య వస్తే మామూలు పొడవు సరిపోతుంది.

ఇక సెకండ్ హ్యాండ్. నా ఓటు దీనికే. పదేళ్ల నాటి మంచి కేవిటీ బ్యాక్ మీ మొదటి రెండేళ్ల ఆటకు ధారాళంగా సరిపోతుంది. గోల్కొండ నయా ఖిలా దగ్గరి కోర్సయినా, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్ అయినా, విశాఖ ఈస్ట్ పాయింట్ అయినా అక్కడి క్యాడీలను, అంటే ఆటగాళ్ల బ్యాగులు మోసేవాళ్లను, అడగండి. ఎవరు కొత్త సెట్ కొని పాతది మూలన పడేశారో వాళ్లకంటే బాగా తెలిసినవాళ్లుండరు. అమెరికా నుంచి వచ్చే బంధువులుంటే వాళ్ల గరాజ్‌లో ఏముందో కనుక్కోండి. అయితే ‘ఊరికే వచ్చింది కదా’ అని స్టిఫ్ షాఫ్టు మాత్రం తెచ్చుకోకండి.

చేతికి తీసుకున్నాక ముందు గ్రిప్, అంటే చేత్తో పట్టుకునే చోటి రబ్బరు తొడుగు, నొక్కండి. రబ్బరు గట్టిపడి మెరుస్తుంటే మార్చాలి, ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి. షాఫ్టును ఒక కన్ను మూసి, చెక్కను సరిచూసే వడ్రంగిలా పొడవునా చూడండి. వంపు ఉంటే వద్దు. తుప్పు పైపైన ఉంటే పర్లేదు, గుంటలు పడితే వద్దు. గ్రాఫైట్ అయితే తల దగ్గర సన్నటి చీలిక కోసం వేలితో తడమండి. ఒక చేత్తో గ్రిప్, ఇంకో చేత్తో తల పట్టుకుని మెలిపెట్టండి. కిర్రుమంటే లోపల జిగురు వదిలినట్టే. వెడ్జ్ ముఖం మీది గీతల్లాంటి గాడుల్లో గోరు నడపండి. గోరు జారిపోతే ఆ వెడ్జ్ పని అయిపోయింది. చివరగా ఐరన్లన్నీ ఒకే మోడలా, షాఫ్టులన్నీ ఒకటేనా చూడండి. పోయినదాని బదులు ఇంకోటి విడిగా తెచ్చి కలిపి ఉండొచ్చు.

ఎడమచేతి వాటం వాళ్లకు పాత సెట్లు దొరకడం కష్టం. తొందరపడి వెతకొద్దు, ముందు రెండు వైపులా కొట్టి చూడండి. అమెరికన్ గోల్ఫ్ ఆటగాడు ఫిల్ మికెల్సన్ కుడిచేతి వాటం మనిషే, చిన్నప్పుడు నాన్నకు ఎదురుగా నిలబడి అద్దంలో బొమ్మలా నేర్చుకుని జీవితమంతా ఎడమవైపే ఆడాడు.

ఈ వారం పని: మణికట్టు కొలత రాసుకోండి. తెలిసినవాళ్ల బ్యాగుల్లోంచి మూడు 7 ఐరన్లు అడిగి పట్టుకుని, పైన చెప్పిన పరీక్షలు చేయండి. ఇంకా కొనకండి. వచ్చే పాఠం పటర్ గురించి. దాన్ని మాత్రం ఇంట్లో తివాచీ మీదే పరీక్షించొచ్చు.