నిలువు గీతలే, కానీ తిన్నగా వద్దు: సోల్ లెవిట్ బొమ్మ మన కాగితం మీద

నిలువు గీతలు గీయాలి, అవి తిన్నగా ఉండకూడదు, ఒకదానికొకటి తగలకూడదు, గోడంతా సమానంగా నిండాలి. అమెరికన్ కాన్సెప్చువల్ ఆర్టిస్ట్ (బొమ్మ కన్నా దాని వెనకున్న ఆలోచనే ముఖ్యమనే కళాకారుడు) సోల్ లెవిట్ 1970లో ఇచ్చిన సూచన దాదాపు ఇంతే. దాని పేరు వాల్ డ్రాయింగ్ 46, వాడింది నల్ల పెన్సిల్ ఒక్కటే. అంతకుముందు ఆయన గోడ బొమ్మల్లో ఉన్నవి తిన్నటి గీతలే. ఆ ఏడాది మే నెలలో స్నేహితురాలు, శిల్పి ఈవా హెస్సె 34 ఏళ్లకే చనిపోయింది. ఆమె జ్ఞాపకంగానే మొదటిసారి వంకర గీతను రానిచ్చాడు.

మనం గోడ జోలికి వద్దు, అద్దె ఇల్లయితే అసలే వద్దు. మందపాటి ఎ4 డ్రాయింగ్ షీట్, 2హెచ్ పెన్సిల్ (మొన గట్టిగా ఉండే రకం), షార్ప్‌నర్ చాలు. స్కేలు, రబ్బరు ఇంకో గదిలో పెట్టి రండి, పక్కనుంటే చెయ్యి ఊరుకోదు.

షీట్‌ని నిలువుగా పెట్టి నాలుగు మూలలా పేపర్ టేప్ అంటించండి. కుడిచేతి వాటమైతే ఎడమ అంచు నుంచి మొదలుపెట్టాలి, లేకపోతే గీసిందంతా అరచేతికే అంటుతుంది. అరచేతి కింద ఒక చిత్తు కాగితం కూడా పెట్టుకోండి. పై అంచు నుంచి కింది అంచు దాకా, మధ్యలో ఎత్తకుండా, మెల్లగా ఒక గీత. పెన్సిల్‌ని వేళ్ల మధ్య కొంచెం కొంచెంగా తిప్పుతూ గీస్తే మొన ఒకవైపే అరగదు, గీత మందం మారదు.

అసలు తంటా రెండో గీతతో మొదలవుతుంది. పక్క గీత ఎక్కడ వంగితే మన చెయ్యి కూడా అక్కడే వంగుతుంది, పది గీతలయ్యేసరికి అది చెక్కమీది చారల్లా తయారవుతుంది, నా మొదటి షీట్ అచ్చం అలాగే అయ్యింది. అందుకని పక్క గీతను చూడకండి, రెండింటి మధ్య ఉన్న ఖాళీని చూడండి. అది సుమారు 3 మిల్లీమీటర్లు ఉండాలి, కొంచెం అటూ ఇటూ అయినా పర్లేదు. పక్కది దగ్గరికొస్తే తప్పుకోండి, దూరం జరిగితే నింపడానికి వెళ్లండి, అంతేగానీ దాని వంపుని కాపీ కొట్టొద్దు. 21 సెంటీమీటర్ల వెడల్పుకి 70 గీతలు పడతాయి, గంట పట్టొచ్చు. పదేసి గీతలకొకసారి లేచి నాలుగడుగులు వెనక్కెళ్లి చూస్తే ఎక్కడ నల్లగా చిక్కబడిందో, ఎక్కడ బోసిగా ఉందో ఇట్టే తెలిసిపోతుంది.

రెండు గీతలు తగిలాయా? టెన్షన్ పడకండి, చెరపకండి. గోడ బొమ్మల్లో పొరపాట్లు ఉంటాయని, అవి పనిలో భాగమేనని లెవిట్ స్వయంగా రాశాడు. ఆయన సూచన రాసిస్తే, దాన్ని చూసి బొమ్మలు చాలావరకు వేరేవాళ్లే గీశారు. 2007లో ఆయన పోయాక కూడా, మరుసటి ఏడాది మసాచుసెట్స్‌లోని మాస్ మోకా మ్యూజియంలో 105 గోడ బొమ్మలు అలాగే గీసి పెట్టారు.

అయిపోయాక పైన బట్టర్ పేపర్ కప్పి దాచండి. పేరు, తేదీ వెనకవైపు రాయండి, ముందువైపు రాస్తే గీతలకి తగులుతాయి.