ఒక్క ఫోనుతో క్లాసంతా ఇంగ్లీషు పలికించడం ఎలా

పిల్లలందరికీ ట్యాబ్‌లు ఉంటే తప్ప యాప్‌లతో ఇంగ్లీషు చెప్పలేం అనుకుని ఆగిపోయిన టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. మాది కోనసీమలో ఒక లంక ఊరు, వరదొస్తే బడికి పడవ మీదే వెళ్లాలి, గాలి గట్టిగా కొడితే సిగ్నల్ ఉండదు. ఆరో తరగతిలో 38 మంది. నా దగ్గరున్నది నా ఫోను, ఒక చిన్న బ్లూటూత్ స్పీకరు, అంతే.

ముందు రోజు రాత్రే, నెట్ బాగా వచ్చే చోట, కావలసినవన్నీ దించుకోండి. పిల్లల చేత పైకి చదివించే గూగుల్ యాప్ రీడ్ అలాంగ్‌లో కథలు, గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు ఆఫ్‌లైన్ ఫైలు, పాఠ్యపుస్తకంలో ఉన్న క్యూఆర్ కోడ్‌ని ప్రభుత్వం వారి పాఠాల యాప్ దీక్షాతో స్కాన్ చేస్తే వచ్చే వీడియోలు. క్లాసులో ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి, పాఠం మధ్యలో ఎవరి ఫోనూ రాదు.

అన్నిటికన్నా పనికొచ్చేది మాత్రం దించుకోనక్కర్లేదు, ఫోనులో ఉండే వాయిస్ రికార్డరే. తెలుగు మాట ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తుంది కాబట్టి మన పిల్లల నోట్లో బస్ బస్సవుతుంది, బుక్ బుక్కవుతుంది. అలా అనకూడదని ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు, ఎందుకంటే వాళ్ల చెవికి ఆ తేడా అందదు. అందుకని ముందే దించుకున్న డిక్షనరీ యాప్‌లో ఆ మాట ఒకసారి వినిపించి, పిల్ల చేత అనిపించి రికార్డు చేసి, రెండూ వెంటవెంటనే స్పీకర్లో పెట్టండి. మా క్లాసులో ఒకమ్మాయి "ఐ కేమ్ బై బస్సు" అని, తన గొంతు తనే విని, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని "ఆఖర్న ఉ వచ్చేసింది మాస్టారూ" అంది. నేనేమీ చెప్పలేదు, తనే పట్టుకుంది! రోజుకి ముగ్గురు చాలు, ఒక్కొక్కరికి ఒక్క మాటే. వీ, డబ్ల్యూ తేడా జోలికి అప్పుడే పోకండి, రెండిటికీ మనకున్నది ఒకే వ, దానికి టైమ్ పడుతుంది. ఒకటి గట్టిగా చెబుతున్నాను: పిల్లల గొంతులు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు, పని అవగానే చెరిపేయండి.

రీడ్ అలాంగ్ 2019లో బోలో పేరుతో మన దేశంలోనే మొదలైంది. పిల్లలు పైకి చదువుతుంటే అందులోని దియా అనే బొమ్మ టీచరు వింటుంది, ఒక మాట దగ్గర ఆగిపోతే దాని మీద వేలు పెడితే తనే పలికి చూపిస్తుంది. నలుగురిలో చదవమంటే టెన్షన్ పడి గొంతు పెగలని పిల్లలకి ఇది చాలా మేలు. క్లాసులో గోల ఉంటే దానికి సరిగ్గా వినపడదు, వరండా చివరికి పంపి ఐదేసి నిమిషాలు ఇవ్వండి.

ఎవరికి అర్థమైందో ఒక్కసారిగా తెలియాలంటే ప్లిక్కర్స్ అనే క్విజ్ యాప్ ఉంది. దీనికి నెట్ కావాలి, కాబట్టి సిగ్నల్ ఉన్న రోజే పెట్టుకోండి. పిల్లలు పట్టుకుని చూపించే దాని జవాబు కార్డులు టౌన్లో ప్రింటు తీయించుకోవచ్చు, లామినేషన్ మాత్రం వద్దు, మెరుపుకి కెమెరా చదవలేదు. "డిడ్ నాట్ వెంట్" కరెక్టా, "డిడ్ నాట్ గో" కరెక్టా అని అడిగితే పిల్లలు తమ జవాబు అక్షరం పైకొచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటారు, మీరు ఫోను అలా ఒకసారి క్లాసంతా తిప్పితే ఎవరు ఏమన్నారో తెరమీద వచ్చేస్తుంది. కార్డు మీద అక్షరం చాలా చిన్నగా ఉంటుంది, పక్కవాడిది చూసి తిప్పడం కష్టం.

ట్రాన్స్‌లేట్ ఒక్క మాటకే వాడనివ్వండి, పేరా మొత్తం పెట్టి రాసుకునే అలవాటు పడితే మాన్పించడం కష్టం.

మా వైపు చాలామంది తల్లులు కువైట్లో పనిచేస్తుంటారు. అలాంటి పిల్లల్ని ఆదివారం ఇంట్లోవాళ్ల ఫోను నుంచి అమ్మకి ఒక నిమిషం ఇంగ్లీషులో వాయిస్ మెసేజ్ పెట్టమంటాను, మిగతావాళ్లు నాన్నకో మావయ్యకో పెడతారు. ఏం కూర తిన్నారు, గోదారి ఎంతవరకు వచ్చింది, ఏదైనా సరే. ఒక్కొక్కరు పదేసి సార్లు చెరిపి మళ్లీ చెబుతున్నారట. క్లాసులో నేను ఒక్కొక్కరి చేత పదిసార్లు చెప్పించలేను.