రేంజర్‌ని అడవిలోంచి పడవెక్కించండి

డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్, తలా ఒక పాత్ర తీసుకుని పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) ఆటను పసిఫిక్ సముద్రంలోని పాలినేషియా తరహా దీవుల్లో నడపాలనుకుంటే ముందు రేంజర్ పాత్రని మార్చండి. అడవిలో అడుగుజాడలు వెతికేవాడు అక్కడ నడిసముద్రంలో దారి చూపే నావికుడవుతాడు. చుక్కలు పొడిచే చోటు, అలల వాలు, సాయంత్రం గూటికి మళ్లే పక్షులు, ఇవే అతని ఆనవాళ్లు. 1976లో హోకులేఅ అనే జంట పడవ దిక్సూచి లేకుండానే హవాయి నుంచి తాహితి చేరింది మరి! మబ్బు పట్టిన రాత్రి పడవలో పడుకుని, ఒంటికి తెలిసే ఊపును బట్టి దిక్కు చెప్పమనండి. పాచిక అప్పుడు వేయించండి.

యోధుడి పాత్ర ఫైటర్‌కి ఇనుప కత్తి తీసేసి, సొరచేప పళ్లు బిగించిన హవాయి చెక్క ఆయుధం లెయోమానో ఇవ్వండి. పాటగాడు బార్డ్ వంశావళి పాడితే చాలు. పూజారి క్లెరిక్‌కి మాత్రం ‘తపు’ అనే పాలినేషియా నిషేధం పెట్టండి: ఫలానాది ముట్టకూడదు, ఫలానాది తినకూడదు. తప్పితే ఆ రోజుకి మంత్రాలు బంద్.